మల్లులు తరలిపోయిన ఊళ్లు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బరువుల విద్య

ప్రధాన క్రీడాకారులు వెళ్లిపోయిన తరువాత ఒక క్రీడాసంస్థ మునుపటి స్థాయిలో పోటీపడగలదా అన్న ప్రశ్న అమెరికా విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్‌లో ఏటేటా తలెత్తేదే. అక్కడ ఒక విద్యార్థి సాధారణంగా నాలుగు సీజన్లకు మించి ఆడరాదన్న నియమం ఎంతోకాలం అమలులో ఉండటం వల్ల, ఎంత గొప్ప జట్టయినా తన ఉత్తమ ఆటగాళ్లను పోగొట్టుకోవడం ముందే తెలిసిన నష్టం. ఆ నష్టాన్ని లెక్కలో వేసుకునే శిక్షకులు కొత్తవారిని ఎంచి సిద్ధం చేస్తారు. ఉత్తరాంధ్రలో అటువంటి ధనబలమున్న కళాశాల జట్లు ఏనాడూ లేవు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో క్రీడకు ఆధారమైనది ఊరి వ్యాయామశాల, అందులో ప్రధానమైన విద్య బరువులెత్తడం. అయినా నూరేళ్లకు పైబడిన ఆ విద్య చరిత్రలో ఇదే ప్రశ్న పదేపదే ఎదురైంది, ఒక్కొక్కసారి ఒక్కొక్క రకంగా తేలింది. పేదరికం, వలస ఎక్కువైన ఈ ప్రాంతంలో బలవంతుడు ఊళ్లో మిగలడం అరుదు కాబట్టి, వెళ్లిపోయినవారి కథతో పాటు మిగిలిన వ్యాయామశాలల కథను కూడా చూస్తే తప్ప ఆ చరిత్ర పూర్తికాదు.

ఈ ప్రాంతంలో బలప్రదర్శన ఇనుప కడ్డీలతో మొదలుకాలేదు. సంక్రాంతి రోజుల్లోనూ గ్రామదేవతల సంబరాల్లోనూ జరిగే సంగిడీల పోటీలు నేటికీ ఇక్కడి పల్లెల్లో కనిపిస్తాయి. సంగిడి అంటే పట్టు దొరికేలా మలిచిన బరువైన రాయి. పిల్లిబండ, ఉలవల బస్తా అదే కోవకు చెందిన బరువులు. వీటితో పాటు కర్రసాము, కత్తిసాము నేర్పే గరిడీ విద్య, కుస్తీకీ దేహదారుఢ్యానికీ నెలవైన తాలింఖానాలు, అంటే పాతకాలపు వ్యాయామశాలలు, విజయనగరం సంస్థానం నీడలో పెరిగాయి. ధాన్యపు బస్తా భుజానికెత్తుకోవడం రోజువారీ పనిలో భాగమైన రైతుకూలీ కుటుంబాల్లో బరువెత్తగలవాడికి గౌరవం సహజంగానే దక్కింది. తరువాతి కాలంలో వెయిట్‌లిఫ్టింగ్ ఇక్కడ నాటుకోవడానికి ఈ అలవాటు నేలను సిద్ధం చేసిందని భావించడం అతిశయోక్తి కాదు. క్రికెట్ బ్యాటుకో టెన్నిస్ కోర్టుకో పెట్టుబడి లేని ఊరికి కొన్ని ఇనుప పళ్లాలు, ఒక కడ్డీ, ఒక చదునైన నేల సరిపోవడం కూడా చిన్న కారణం కాదు.

ఆ సంప్రదాయంలో పుట్టిన మొదటి మహాపురుషుడు కోడి రామ్మూర్తినాయుడు. నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న వీరఘట్టంలో జన్మించి, విజయనగరంలో పినతండ్రి వద్ద పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ విద్యలో శిక్షణ పొందిన ఆయన తిరిగివచ్చి విజయనగరంలోనే వ్యాయామ శిక్షకుడిగా పనిచేశారు. ఉపాధ్యాయుడిగా మొదలైన ఆ జీవితం 1910 ప్రాంతంలో మలుపు తిరిగింది. పొట్టి పంతులు అనే వ్యక్తి సహకారంతో నెలకొల్పిన సర్కస్ ఆయనను దేశమంతా తిప్పింది. ఛాతీకి చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగించి తెంచడం, భుజాలకు కట్టిన తాళ్లతో కార్లను కదలనీయకుండా నిలపడం, రొమ్ముమీద వేసిన పలకపైకి ఏనుగును ఎక్కించుకోవడం ఆయన ప్రదర్శనల్లో ప్రసిద్ధమైనవి. ఇంగ్లండులో ఐదో జార్జి దంపతుల ఎదుట ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకున్న ఆయనను తెలుగువారు కలియుగ భీముడన్నారు. కాలికి వచ్చిన వ్యాధి ముదిరి కాలు తొలగించవలసి రాగా, చివరి రోజులు ఒడిశాలోని బలంగీర్‌లో గడిచాయి. 1942లో అక్కడే మరణించారు.

ఆయన తరువాత ఆ సర్కస్ నిలవలేదు. నిలవకపోవడంలో ఆశ్చర్యమూ లేదు, ఎందుకంటే ఆ డేరా మొత్తం ఒకే మనిషి ఛాతీమీద ఆధారపడింది, ఆ విద్యను అదే స్థాయిలో అందిపుచ్చుకునే రెండో మనిషిని తయారుచేసే ఏర్పాటు అందులో లేదు. శ్రీకాకుళంలోని క్రీడామైదానం నేటికీ కోడి రామ్మూర్తి స్టేడియమే, విశాఖ సముద్రతీరంలో విగ్రహం ఉంది. కానీ విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పిన ఉపాధ్యాయుడిగా ఆయన గడిపిన కాలం ఆ విగ్రహాల నీడలో మరుగునపడింది. ఈ ప్రాంతానికి అవసరమైన వారసత్వం ఏనుగును మోసిన వీరుడిలో కంటే ఆ ఉపాధ్యాయుడిలోనే ఎక్కువగా ఉంది.

విజయనగరం పేరుతోనే వినిపించే మరో క్రీడాగాథ కూడా ఉంది, అయితే దానిని ఇక్కడి నేలకు చెందినదిగా చెప్పడం కష్టం. విజ్జీగా ప్రసిద్ధుడైన విజయనగరం మహారాజకుమార్ 1930-31లో ఇంగ్లండు క్రికెట్ జట్టయిన ఎం.సి.సి. భారత పర్యటన రద్దయినప్పుడు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి ఇంగ్లండు దిగ్గజాలను తన జట్టులో చేర్చుకుని భారతదేశం, సిలోన్‌లలో పర్యటించారు. డబ్బుతో కూడగట్టిన జట్టు డబ్బున్నంతకాలమే సాగింది, దాని మైదానం కూడా కాశీలోని ఆయన భవనం ఆవరణలోదే గాని విజయనగరంలోది కాదు. 1936లో ఆయన నాయకత్వాన ఇంగ్లండు వెళ్లిన భారత జట్టు కీలక ఆటగాణ్ణి కోల్పోతే ఏమవుతుందో చూపిన చారిత్రక ఉదాహరణ. బ్యాటుతోనూ బంతితోనూ రాణిస్తున్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. లార్డ్స్ టెస్టులో అమర్‌సింగ్ 6 వికెట్లు తీసి మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యాన్ని చేతికిచ్చినా, రెండో ఇన్నింగ్స్‌లో జట్టు 93 పరుగులకే కూలిపోయి 9 వికెట్ల తేడాతో ఓడింది. మాంచెస్టర్‌లో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించి ఓటమి తప్పించారు గాని సిరీస్ 2-0తో పోయింది. విజ్జీ పేరు నేడు విశ్వవిద్యాలయాల జోన్ జట్ల మధ్య జరిగే క్రికెట్ ట్రోఫీ రూపంలో మిగిలింది.

ఇక వెయిట్‌లిఫ్టింగ్. ఈ క్రీడలో బరువెత్తే పద్ధతులు రెండు. నేలమీది కడ్డీని ఎక్కడా ఆపకుండా ఒకే ఊపులో తలపైకి చేర్చడం స్నాచ్. ముందు భుజాలమీదికి తెచ్చి, ఊపిరి తీసుకుని, అక్కడినుంచి తలపైకి విసిరి నిలపడం క్లీన్ అండ్ జెర్క్. ఒక్కొక్కదానికి మూడేసి అవకాశాలిచ్చి, రెండింటిలో ఎత్తిన అత్యధిక బరువులను కలిపి విజేతను నిర్ణయిస్తారు. పురుషుల కడ్డీ 20 కిలోలు, మహిళల కడ్డీ 15 కిలోలు. పోటీదారులను శరీర బరువును బట్టి విభాగాలు చేస్తారు కనుక పొట్టిగా, సన్నగా ఉన్నవారికీ తమ స్థాయివారితోనే పోటీ ఉంటుంది. పోషకాహారం అంతంతమాత్రంగా దొరికే పల్లెల పిల్లలకు ఈ క్రీడ తలుపు తెరవడానికి ఇది ముఖ్య కారణం. మహిళలకు మాత్రం ఆ తలుపు ఆలస్యంగా తెరుచుకుంది. తొలి మహిళా ప్రపంచ పోటీలు 1987లో గాని జరగలేదు, ఒలింపిక్స్‌లో ప్రవేశం 2000లో గాని దొరకలేదు. అందరికీ కొత్తదైన రంగంలో ముందు అడుగుపెట్టిన ఊరికి, దశాబ్దాల అనుభవమున్న దేశాలతో సమానంగా మొదలుపెట్టే వీలు కలిగింది.

ఆ వీలును అందుకున్న ఊరు శ్రీకాకుళం జిల్లా ఆముదాలవలస దగ్గరి ఊసవానిపేట. ఆముదాలవలస రైల్వేస్టేషనుకు శ్రీకాకుళం రోడ్ అని పేరు. ఆ ప్రాంతంలో రైల్వే రక్షకదళం కానిస్టేబులుగా పనిచేసిన కరణం మనోహర్ కాలేజీ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడినవారు. ఆయన కుమార్తెలందరూ బరువులెత్తినవారే, వారిలో ఒకరైన కరణం మల్లేశ్వరి తోబుట్టువులు నలుగురూ జాతీయస్థాయికి చేరుకున్నారు. నీలంశెట్టి అప్పన్న అనే శిక్షకుడి వద్ద మల్లేశ్వరి పన్నెండో ఏట సాధన మొదలుపెట్టింది. ఆడపిల్లలు బిగుతు దుస్తులు వేసుకుని నలుగురిలో ఇనుము ఎత్తడాన్ని ఊరు వింతగా చూసిన రోజుల్లో తల్లి శ్యామల కూతుళ్ల వెనుక నిలబడిన తీరును ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక్కడ గమనించవలసినది ఒక పతక విజేత ఆవిర్భావం మాత్రమే కాదు. ఒక ఇంట్లో అయిదుగురు, వారికి ఒక గురువు, చుట్టూ అదే సాధన చేసే ఇతర పిల్లలు ఉన్నారంటే అక్కడ ఒక బడి ఉన్నట్టే.

ఆ బడి తన ఉత్తమ విద్యార్థినిని చాలా తొందరగా పోగొట్టుకుంది. 1990లో, పదిహేనేళ్ల వయసులో, మల్లేశ్వరి జాతీయ శిబిరంలో చేరింది. 1993లో మెల్‌బోర్న్ ప్రపంచ పోటీల్లో కాంస్యం, 1994లో ఇస్తాంబుల్‌లోనూ 1995లో గ్వాంగ్జౌలోనూ 54 కిలోల విభాగంలో ప్రపంచ టైటిళ్లు, 1994 హిరోషిమా, 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో రజతాలు వరుసగా వచ్చాయి. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం సాధించి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళగా నిలిచింది. స్వర్ణం గెలిచిన చైనా క్రీడాకారిణి లిన్ వెయినింగ్ ఎత్తిన మొత్తం 242.5 కిలోలు. అప్పటికి మల్లేశ్వరి నివాసం హర్యానాకు మారింది. వివాహానంతరం యమునానగర్‌లో స్థిరపడి, భారత ఆహార సంస్థలో ఉద్యోగం చేస్తూ, తరువాత తన పేరిట శిక్షణసంస్థను కూడా అక్కడే నెలకొల్పింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయింది. ఇది ఆమెను తప్పుపట్టే విషయం కాదు. శిబిరాలు, నిధులు, ఉద్యోగాలు ఉత్తర భారతంలో కేంద్రీకృతమైనప్పుడు క్రీడాకారిణి బతుకు అక్కడికే మళ్లుతుంది. అయితే ఆముదాలవలసలో తయారైన జ్ఞానం హర్యానా పిల్లలకు అందుతోందన్నది శ్రీకాకుళం జిల్లా లెక్క వేసుకోవలసిన నష్టం.

మల్లేశ్వరి తరువాత ఆ ఊరినుంచి మరో ఒలింపిక్ పతకం రాలేదు. దేశానికే వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండో ఒలింపిక్ పతకం టోక్యోలో 2021లో గాని దక్కలేదు. అది మణిపుర్‌కు చెందిన మీరాబాయి చానుది. 1989లోనే ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చిన కుంజరాణి దేవిది కూడా ఆ రాష్ట్రమే, ఆమె కథ చదివి స్ఫూర్తి పొందినట్టు మీరాబాయి చెప్పుకుంది. ఒకరి వెనుక ఒకరు రావడానికి మణిపుర్‌లో వీలు దొరికింది. శ్రీకాకుళం ఆ పరంపరను అదే ఊళ్లో కొనసాగించలేకపోయింది గాని, పొరుగునే ఉన్న మరో ఊరు దానిని వేరే దారిలో నిలిపింది.

ఆ ఊరు విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ. గోగునార పంటకూ జనపనార మిల్లుకూ పేరుపడ్డ నెల్లిమర్ల ప్రాంతంలో మిల్లు మూతపడినప్పుడల్లా కూలీల ఇళ్లు అల్లాడిపోవడం తెలిసిన చరిత్రే. పత్రికలు వెయిట్‌లిఫ్టర్ల ఊరని పిలిచే కొండవెలగాడనుంచి వెళ్లిన వల్లూరి శ్రీనివాసరావు 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 56 కిలోల విభాగంలో కాంస్యం గెలిచాడు. 2014 గ్లాస్గో క్రీడల్లో 53 కిలోల విభాగంలో అదే ఊరి మత్స సంతోషికి మొదట కాంస్యం దక్కింది. స్వర్ణం గెలిచిన నైజీరియా క్రీడాకారిణి నిషిద్ధ ద్రవ్యాల పరీక్షలో దొరికిపోవడంతో అది రజతంగా మారింది. 2022లో మెక్సికోలోని లియోన్‌లో జరిగిన ప్రపంచ యువ పోటీల్లో విజయనగరం జిల్లాకు చెందిన సనపతి గురునాయుడు 55 కిలోల విభాగంలో 230 కిలోలెత్తి స్వర్ణం సాధించాడు. అంటే ఒక పన్నెండేళ్ల వ్యవధిలో, ఒకరితో ఒకరికి సంబంధంలేని మూడు విభాగాల్లో, ముగ్గురు వేర్వేరు వయసులవారు ఒకే జిల్లానుంచి అంతర్జాతీయ వేదికలెక్కారు. ఒక్క అద్భుత ప్రతిభావంతుడి మీద ఆధారపడ్డ చోట ఇటువంటి వరుస కుదరదు.

ఈ వరుసకు కారణం వెతికితే అది క్రీడాభిమానంలో కంటే బతుకుతెరువులో దొరుకుతుంది. రైల్వే, సైన్యం, పోలీసు శాఖలు క్రీడాకారులకు కేటాయించే ఉద్యోగాలను స్పోర్ట్స్ కోటా అంటారు. జాతీయ పోటీల్లో పతకం తెచ్చినవారికి ఆ కోటాలో ఉద్యోగం దొరికే అవకాశం ఉంటుంది. కొండవెలగాడ లిఫ్టర్లు ఎందరో ఆ దారిన ఉద్యోగస్తులయ్యారు. ఉద్యోగం దొరికిన లిఫ్టరు ఊరు విడుస్తాడు, ఆ మేరకు వ్యాయామశాల తన బలాన్ని కోల్పోతుంది. కానీ అతడు నెలనెలా ఇంటికి పంపే డబ్బు, కట్టుకున్న పక్కా ఇల్లు, పక్కింటి తల్లిదండ్రులకు ఏ ఉపన్యాసం కంటే గట్టిగా నచ్చజెబుతాయి. మరుసటి ఏడు ఇద్దరు పిల్లలు కొత్తగా కడ్డీ పట్టుకుంటారు. ఈ ఊళ్లో నష్టమే భర్తీకి కారణమైంది; ఉత్తమ క్రీడాకారులు వెళ్లడం ఆగిపోతే కొత్తవారు రావడం కూడా ఆగిపోతుంది. రామ్మూర్తినాయుడి డేరాకు, విజ్జీ జట్టుకు లేనిది ఇదే. వారి వైభవాన్ని చూసి చప్పట్లు కొట్టినవారికి అందులో తమ పిల్లలు నడవగల దారి కనబడలేదు.

అయితే క్రీడాకారుణ్ణి కోల్పోవడానికీ శిక్షకుణ్ణి కోల్పోవడానికీ ఉన్న అంతరం చాలా పెద్దది. బల్గేరియా వెయిట్‌లిఫ్టింగ్ చరిత్ర మొదటిదానికి ఉదాహరణ. 1986లో ప్రపంచంలోనే మేటి లిఫ్టరు నయీం సులేమానొగ్లు మెల్‌బోర్న్‌లో జట్టును విడిచి టర్కీకి వెళ్లిపోయాడు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల స్వర్ణం టర్కీ తరఫున గెలిచింది అతడే, కానీ రెండో స్థానంలో నిలిచింది బల్గేరియాకే చెందిన స్తెఫాన్ తొపురోవ్. 52, 75 కిలోల స్వర్ణాలు కూడా ఆ దేశానికే దక్కాయి. ఇవాన్ అబాజియెవ్ అనే శిక్షకుడి బడి చెక్కుచెదరకపోవడమే అందుకు కారణం. అదే సియోల్‌లో ఇద్దరు విజేతలు నిషిద్ధ ద్రవ్యాల పరీక్షలో దొరికి పతకాలు కోల్పోగా జట్టు పోటీల మధ్యలోనే వైదొలగిందన్నది కూడా మరువరాదు. వేగంగా భర్తీ చేయాలన్న ఆత్రం ఈ క్రీడలో అడ్డదారులకు దగ్గరి చుట్టం; భారత వెయిట్‌లిఫ్టింగ్ కూడా 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ తరువాత అదే మచ్చను మోసింది.

రెండో రకం నష్టానికి ఉదాహరణ తెలుగునేలమీదే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950నుంచి 1954వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. హైదరాబాదు ఆటగాళ్లు మెరుగైన రాబడి కోసం కలకత్తా క్లబ్బులకు తరలిపోతున్నా ఆ నగరం కొత్తవారిని తయారుచేస్తూనే ఉంది. రహీం నేర్పిన భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. 1963లో ఆయన మరణించిన తరువాత భారత ఫుట్‌బాల్ మళ్లీ ఆ స్వర్ణాన్ని చూడలేదు. ఆటగాళ్లు వెళ్లినప్పుడు తట్టుకున్న వ్యవస్థ, నేర్పేవాడు పోయినప్పుడు తట్టుకోలేకపోయింది.

ఉత్తరాంధ్ర వ్యాయామశాలల విషయంలో ప్రభుత్వ విధానం ఈ తేడాను ఏనాడూ సరిగా గుర్తించలేదు. ప్రతిభ కనబడిన పిల్లవాణ్ణి ఊరినుంచి తీసి దూరపు క్రీడాపాఠశాలలో చేర్చడమే అభివృద్ధిగా చలామణి అయింది. ఉమ్మడి రాష్ట్రంలో ఆ గమ్యం హైదరాబాదు శివారులోని హకీంపేట, 2014 విభజనతో అది కూడా తెలంగాణకు మిగిలిపోయింది. పతకం వచ్చినప్పుడు విజేతకు లక్షల నజరానా ప్రకటించడం ఆనవాయితీ. ఆ విజేతకు పన్నెండో ఏట కడ్డీ పట్టుకోవడం నేర్పినవారికి మాత్రం సన్మానసభలో ఒక శాలువా తప్ప నెలజీతమంటూ స్థిరంగా ఏర్పడలేదు. కళాశాలలు కూడా ఊళ్లలో తయారైన లిఫ్టర్లను చేర్చుకుని అంతర్విశ్వవిద్యాలయ పోటీలకు పంపి పేరు తెచ్చుకుంటున్నాయి గాని, ఆ ఊళ్ల వ్యాయామశాలలకు తిరిగి ఇచ్చింది స్వల్పం.

కనుక మొదటి ప్రశ్నకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చరిత్ర ఇచ్చే జవాబు స్పష్టంగానే ఉంది: నేర్పేవాడు మిగిలిన చోట, వెళ్లినవాడి బతుకు వెనుకవాడికి కనబడిన చోట ఎంతమంది వెళ్లినా వ్యాయామశాల నిలిచింది. ఇప్పుడు జరగవలసిన పని ఒకటుంది. ఊసవానిపేట, కొండవెలగాడ, వాటి చుట్టుపక్కల పల్లెల్లో గత నలభై యాభై ఏళ్లుగా పిల్లలకు బరువులెత్తడం నేర్పిన శిక్షకుల పేర్లు ఒకచోట రాసిపెట్టినట్టు కనబడదు. వారిలో పెద్దవారు ఒక్కొక్కరే కనుమరుగవుతున్నారు. ఆ ఊళ్ల గ్రంథాలయాలు, యువజన సంఘాలు, ఉద్యోగాల్లో స్థిరపడిన పాత లిఫ్టర్లు పూనుకుని ఎవరు ఎవరికి, ఏ సంవత్సరంలో, ఎక్కడ నేర్పారో నమోదు చేయాలి, ఆ పుస్తకం చేతపట్టుకుని ప్రతి వ్యాయామశాలకు ఒక జీతం గల శిక్షకుడి ఉద్యోగాన్ని జిల్లా క్రీడాప్రాధికార సంస్థనుంచి అడిగి సాధించుకోవాలి.